కొత్త ఊళ్లో మనవాళ్లు దొరకాలంటే చిన్న క్యాంపర్ ట్రైలర్ క్లబ్‌లో చేరొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఉద్యోగం బదిలీ మీద శ్రీకాకుళం నుంచి హనుమకొండ వచ్చి పద్నాలుగు నెలలైంది. మీరు, మీ ఆవిడ, ఆరేళ్ల పాప. అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు దగ్గర నవ్వుకోవడం తప్ప ఎవరితోనూ పరిచయం పెరగలేదు. మీ యాస విని "మీది ఏ ఊరు" అని అడుగుతారు, అక్కడితో మాట ఆగిపోతుంది. చిన్న క్యాంపర్ ట్రైలర్లు, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లి రాత్రి లోపల పడుకునే బండ్లు, ఉన్నవాళ్ల గుంపు ఒకటి ఇక్కడ ఉందని ఆఫీసులో ఎవరో చెప్పారు. రెండు లక్షలు పెట్టి ట్రైలర్ కొని అందులో చేరితే మాకంటూ నలుగురు మనుషులు దొరుకుతారా, లేక డబ్బు దండగా అని అడిగారు.

దొరుకుతారు తమ్ముడూ. కానీ ట్రైలర్ ఇప్పుడే కొనకండి. ముందు మూడు ట్రిప్పులకు మా గుంపుతో మామూలు టెంటుతో రండి. మూడోసారి తిరిగి వచ్చేటప్పుడు మీ పాప "మళ్లీ ఎప్పుడు" అని అడిగితే, మీ ఆవిడకి అక్కడ ఒక్కరైనా ఫోన్ చేసి మాట్లాడుకునే మనిషి దొరికితే, అప్పుడు డబ్బు తీయండి. ట్రైలర్ ఉందని ఎవరూ మనవాళ్లు అయిపోరు. అక్కడ కలిసి చేసే పనుల వల్ల అవుతారు. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

నాకు అరవై ఒకటి. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. 2018లో మా వారూ నేనూ ఒక వెల్డింగ్ షాపులో చిన్న ట్రైలర్ చేయించుకున్నాం. ఇనుప ఫ్రేము, వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ గోడలు, పైన అల్యూమినియం రేకు. అప్పట్లో లక్షా ఎనభై వేలు అయింది. లోపల ఇద్దరు పడుకునే పరుపు, కాళ్ల దగ్గర రెండు అరలు, ఒక చిన్న లైటు, అంతే. వెనక కారు డిక్కీలాగా పైకి తెరుచుకునే మూత, దాని కింద పొయ్యి, గిన్నెలు, పోపుల డబ్బా. లోపల నిలబడలేం. అమెరికాలో 1930ల నుంచి జనం ఇలాంటివి సొంతంగా చేసుకుంటున్నారు. నీటిబొట్టు ఆకారంలో ఉంటుంది కాబట్టి టియర్‌డ్రాప్ అంటారు. మా వీధి పిల్లలు మాత్రం చూడగానే "గూడు" అన్నారు. ఇప్పటికీ దాని పేరు అదే.

మా గుంపుకి పేరూ బోర్డూ ఏమీ లేవు. పదకొండు కుటుంబాలు, ఆరు ట్రైలర్లు, మిగతావాళ్లవి టెంట్లు. కాజీపేటలో రైల్వేలో చేసే అన్న, నర్సంపేట దగ్గర మామిడి తోట ఉన్న వదిన, ములుగు రోడ్డులో మెకానిక్ షెడ్డు నడిపే తమ్ముడు, ఇద్దరు లెక్చరర్లు, ఒక బ్యాంకు ఉద్యోగిని, ఇలా ఉంటాం. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా నెలకోసారి వెళ్తాం.

చిన్నది కావడం వల్లే మనుషులు కలుస్తారు

నేను ఇన్నేళ్లలో తెలుసుకున్న ముఖ్యమైన సంగతి ఇదే. పెద్ద కారవాన్‌లో వంటగది, బాత్రూమ్, టీవీ, ఏసీ అన్నీ ఉంటాయి. తలుపు వేసుకుంటే అది మీ అపార్ట్‌మెంటే, చక్రాలు వచ్చాయంతే. మా గూడులో పడుకోవడం తప్ప ఇంకేం చేయలేం. కూర కోయాలన్నా, జడ వేసుకోవాలన్నా, టీ తాగాలన్నా బయటే. మీరు ఉల్లిపాయ కోస్తుంటే ఎదురు ట్రైలర్ వాళ్లకి కనిపిస్తుంది, వాళ్ల పప్పు మాడితే మీకు వాసన వస్తుంది. మా చిన్నప్పుడు ఇళ్ల ముందు అరుగులుండేవి. సాయంత్రం అరుగు మీద బియ్యం ఏరుతూ కూర్చుంటే దారిన పోయేవాళ్లు ఆగి మాట్లాడేవాళ్లు, ఎవరూ ఎవరినీ ప్రత్యేకంగా పిలవక్కర్లేదు. మీ అపార్ట్‌మెంట్‌లో లేనిది ఆ అరుగు. మనుషులు చెడ్డవాళ్లు కాదు, కూర్చునే చోటు లేదు.

ఇంకో విషయం. చిన్న బండిలో అన్నీ పట్టవు, ఏదో ఒకటి మర్చిపోతాం. ఒకసారి లక్నవరం వెళ్లినప్పుడు నేను అగ్గిపెట్టె దగ్గర నుంచి చాకు దాకా సర్దుకుని ఉప్పు మర్చిపోయాను. మూడు ట్రైలర్ల అవతల కొత్తగా వచ్చిన ఒకావిడ దగ్గరికి వెళ్లి అడిగాను. ఆవిడ ఉప్పు ఇచ్చి, "మా ఆయనకి బీపీ అండి, మేం తక్కువే తింటాం, మొత్తం ఉంచుకోండి" అంది. అక్కడ మొదలైన మాట రాత్రి పదకొండు దాకా సాగింది. ఇప్పుడు నా ఇంటి తాళం చెవి ఒకటి ఆవిడ దగ్గరే ఉంటుంది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి. మాలో ఒక అబ్బాయి ఉండేవాడు, చాలా మంచివాడు. అతని ట్రైలర్ అందరికంటే బాగుండేది. సోలార్ ప్యానెల్, ఫ్రిజ్, నీళ్ల పంపు, చిన్న షవర్. ఎవరేం అడిగినా ఇచ్చేవాడు, తను మాత్రం ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. ఏడాది తర్వాత రావడం మానేశాడు. ఫోన్ చేస్తే "అందరూ బాగా చూసుకున్నారు టీచర్, కానీ నేను అక్కడ అతిథిలాగే ఉండిపోయాను" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. అందుకే కొత్తవాళ్లకి చెప్తాను, ఇవ్వడం ఎంత ముఖ్యమో అడగడం అంత ముఖ్యం. మనం అడిగినప్పుడే ఎదుటివాళ్లకి మన దగ్గర చనువు వస్తుంది.

ఇదంతా ఎక్కడి నుంచో వచ్చిన కొత్త ఫ్యాషన్ అనుకోకండి. మాది పరకాల దగ్గర పల్లె. నాకు పదేళ్లప్పుడు మా నాయనమ్మ మమ్మల్నందరినీ గూడుబండి కట్టించి మేడారం తీసుకెళ్లింది. బండి అడుగున గడ్డి, మీద గొంగళి, వెనక కుండలూ గంజులూ. జంపన్న వాగు ఇసుకలో ఎడ్లు విప్పి, బండి పక్కనే మూడు రాళ్ల పొయ్యి పెట్టి, అక్కడే నాలుగు రోజులు ఉన్నాం. పక్క బండి వాళ్లు మంథని వైపు నుంచి వచ్చారు, మాకు ముక్కూ ముఖం తెలియదు. రెండో రోజుకి వాళ్ల పిల్లాడు మా బండిలో నిద్రపోయాడు, మా చెల్లెలు వాళ్ల పొయ్యి దగ్గర అన్నం తింది. సమ్మక్క సారలమ్మల జాతర రెండేళ్లకోసారి మాఘ మాసంలో వస్తుంది. ఇప్పటికీ లక్షల మంది ట్రాక్టర్ ట్రాలీ మీద టార్పాలిన్ కప్పుకుని వచ్చి అలాగే ఉంటారు. మీరు ఒకసారి వెళ్లి చూడండి. బండి చిన్నది, బతుకంతా బయట. మా గూడు చేసే పని కూడా అదే.

బయటి దేశాల్లోనూ మొదట్లో ఇలాగే నడిచింది. అమెరికాలో 1919లో ఫ్లోరిడాలోని టాంపా దగ్గర కార్లలో తిరుగుతూ క్యాంపు వేసుకునేవాళ్లు టిన్ క్యాన్ టూరిస్ట్స్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. కారు రేడియేటర్ మూత మీద ఒక ఖాళీ టిన్ను డబ్బా అతికించుకోవడం వాళ్ల గుర్తు. ఎంత ఖరీదు కారైనా, ఎంత పాత కారైనా, మీద అదే డబ్బా. కార్లు ఎక్కువ తక్కువలున్నా గుర్తు ఒక్కటే ఉండాలని వాళ్లకి అప్పుడే తోచడం నాకు చాలా నచ్చింది.

ఒకరి బాధలో గుంపు ఎలా ఉంటుందో చూడండి

2021 మే నెలలో మా వారు పోయారు. ఆ రోజుల్లో ఎవరూ ఎవరింటికీ రాలేని పరిస్థితి. గుంపులో వాళ్లు గేటు దగ్గర సంచులు పెట్టి వెళ్లేవాళ్లు, పాలు, కూరగాయలు, ఒక రోజు సర్వపిండి. తర్వాత నేను ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ట్రైలర్ అమ్మేద్దామనుకున్నాను. బండి నడపడం వచ్చు కానీ ట్రైలర్ తగిలించి నడిపింది ఎప్పుడూ ఆయనే.

ఎనిమిది నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున మెకానిక్ తమ్ముడు, రైల్వే అన్న ఇంటికొచ్చారు. "ట్రిప్పుకి రండి" అనలేదు. "టీచరమ్మా, గూడు టైర్లల్ల గాలి దిగిపోయి ఉంటది, ఒక్కతాన నిలబడితే టైరు పాడైతది, చూసి పోతం" అన్నారు. చక్రాలు విప్పి బేరింగులకి గ్రీజు పెట్టారు, ఎలుకలు కొరికిన వైరు మార్చారు, టీ తాగి వెళ్లిపోయారు. వచ్చే ఆదివారం మళ్లీ వచ్చి, "మీరు తోల్తరా, నేర్పుతం" అన్నారు.

మా పాత స్కూలు గ్రౌండ్‌లో ఆరు ఆదివారాలు నేర్పారు. ముందుకి పోవడం తేలికే, వెనక్కి రావడమే కష్టం. మనం స్టీరింగ్ కుడికి తిప్పితే ట్రైలర్ తోక ఎడమకి పోతుంది. మెదడు ఒప్పుకోదు. రైల్వే అన్న ఒక చిట్కా చెప్పాడు. స్టీరింగ్ పైభాగం వదిలేసి కింది భాగం పట్టుకోవాలి. అప్పుడు చెయ్యి ఎటు జరిపితే ట్రైలర్ అటే పోతుంది. కొంచెం కొంచెం తిప్పాలి, తేడా వస్తే వెనక్కే పోతూ సరిచేసుకోవాలని పంతం పట్టకుండా ముందుకి వచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. నాలుగో ఆదివారం రెండు ఇటుకల మధ్య గూడుని నిలబెట్టాను. నేను ఏడ్చాను. వాళ్లు చూడనట్టు అటు తిరిగి నిలబడ్డారు.

2022 ఫిబ్రవరిలో పాకాల చెరువు దాకా నేనే నడుపుకుంటూ వెళ్లాను. గణపతిదేవుడి కాలంలో తవ్వించిన చెరువు అది, చుట్టూ అడవి. మా వారికి చాలా ఇష్టమైన చోటు. ఆ రాత్రి మంట చుట్టూ కూర్చున్నప్పుడు వదిన ఆయన కుర్చీ కూడా వేసింది. ఎవరూ ఏమీ అనలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మీరు ఏ గుంపులో చేరాలనుకున్నా ట్రిప్పుల ఫోటోలు చూసి నిర్ణయించుకోకండి. ట్రిప్పు లేని రోజుల్లో వాళ్లు ఒకరి కోసం ఒకరు ఏం చేసుకుంటారో అడగండి. 2024 సెప్టెంబర్ 4న పొద్దున ఏడున్నర కాకముందే ములుగు జిల్లాలో భూకంపం వచ్చింది, తీవ్రత 5.3. మీరు అప్పటికి ఇక్కడికి రాలేదేమో. మా ఇంట్లో అల్మారా తలుపులు కొట్టుకున్నాయి. నేను ఒంటరిగా ఉంటాను. చెప్పులేసుకుని బయటికి వచ్చేలోపు ఫోన్ మోగింది, నర్సంపేట వదిన. "బయటికొచ్చినవా లేదా, ముందు అది చెప్పు" అంది. పావుగంటలో పదకొండు ఇళ్లవాళ్లూ బాగున్నామని చెప్పుకున్నాం.

మా తప్పు కూడా చెప్తాను

2022 చివరికి మా గుంపు ఇరవై ఆరు కుటుంబాలైంది. అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. కానీ అంతమంది ఒకచోట చేరితే ఒక మంట చుట్టూ కూర్చోలేరు. రెండు మంటలయ్యాయి, తర్వాత మూడు. పెద్ద కార్లవాళ్లు ఒక వైపు, పాతవాళ్లు ఒక వైపు. రామప్ప చెరువు దగ్గర వేసిన క్యాంపులో ఒక కొత్త కుటుంబం, భార్యాభర్తలు, ఒక బాబు, చివర్లో టెంటు వేసుకున్నారు. వాళ్లది కరీంనగర్. రాత్రి భోజనాలప్పుడు వాళ్లు తమ టెంటు ముందే తిన్నారు. ప్రయాణంలో అలసిపోయారేమో అనుకున్నాను. పొద్దున ఆరింటికి చూస్తే టెంటు లేదు. గడ్డి మీద నలిగిన గుర్తు ఉంది. మళ్లీ రాలేదు.

ముప్పై ఏళ్లు క్లాసులో చివరి బెంచీ పిల్లల్ని చూసిన మనిషిని నేను, ఆ రోజు చూడలేకపోయాను. ఆ బాధ నాకు ఇంకా ఉంది. తర్వాత అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. జనగామ వైపు వాళ్లు, కరీంనగర్ వైపు వాళ్లు వేరు గుంపులు పెట్టుకున్నారు, గొడవేం లేదు, కలుస్తూనే ఉంటాం. ఒక ట్రిప్పుకి పన్నెండు బండ్లు దాటకూడదని అనుకున్నాం. ఇంకొకటి, కొత్తవాళ్లు ఎప్పుడూ చివర్లో కాకుండా మధ్యలో దిగాలి, అటొకరు ఇటొకరు పాతవాళ్లు. బండ్లన్నీ వరుసగా పెట్టం, గుండ్రంగా పెడతాం, తలుపులు లోపలి వైపు. వినడానికి చిన్న విషయాల్లా ఉంటాయి. కానీ కొత్త మనిషి పొద్దున్నే తలుపు తీసి బయటికి చూస్తే ఎవరో ఒకరి ముఖం కనిపించాలి. ఆ తర్వాత వచ్చిన కొత్త కుటుంబాల్లో ఒక్కరు కూడా చెప్పకుండా వెళ్లిపోలేదు.

యాస గురించి మీ భయం నాకు అర్థమైంది. మా బ్యాంకు అమ్మాయిది ఒంగోలు. మొదటిసారి వచ్చినప్పుడు ఆచితూచి పుస్తకంలో తెలుగులా మాట్లాడింది. రెండోరోజు పొద్దున మెకానిక్ తమ్ముడు "అక్కా, గా బకీటు ఇటియ్యి" అంటే ఆమెకి సగం అర్థంకాక చెంబు ఇచ్చింది. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది, తర్వాత వాళ్ల ఊళ్లో దాన్ని ఏమంటారో, దీన్ని ఏమంటారో గంటసేపు చెప్పింది. ఇప్పుడు బతుకమ్మ పేర్చడంలో మా అందరికంటే ఆమెది ముందు. తంగేడు, గునుగు ఎక్కడ దొరుకుతాయో నన్నే అడిగి, నాకంటే ముందు కోసుకొస్తుంది. కలిసి పని చేస్తున్నప్పుడు యాస గురించి ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. అపార్ట్‌మెంట్ లిఫ్టులో పని లేదు కాబట్టి యాస ఒక్కటే వినిపిస్తుంది.

అందుకే మొదటి ట్రిప్పులోనే ఒక చిన్న పని మీ పేరు మీద తీసుకోండి. పొద్దున టీ పెట్టడం, నీళ్ల క్యాన్లు నింపడం, వెళ్లేటప్పుడు చెత్త ఏరడం, ఏదైనా సరే. "నేనేం చేయాలి" అని అడిగితే అందరూ "ఏం వద్దు, కూర్చోండి" అంటారు. అడగకుండా బకెట్ పట్టుకోండి.

ఇంట్లో ఆడవాళ్ల మాట ముందు వినండి

చాలా కుటుంబాలు రెండో ట్రిప్పుకి రాకపోవడానికి కారణం మరుగుదొడ్డి. మగవాళ్లు ఈ విషయం మాట్లాడరు. బాత్రూములు శుభ్రంగా ఉన్న చోటు తప్ప ఇంకెక్కడికీ మేం కుటుంబాలతో వెళ్లం. తోటలో దిగితే చిన్న టాయిలెట్ టెంటు, మూత ఉన్న బకెట్ టాయిలెట్, చేతులు కడుక్కునే నీళ్లు ముందు పెట్టాకే మిగతా సామాను దించుతాం. మీ ఆవిడని ముందే మా వదినతో మాట్లాడించండి.

మందు గురించి కూడా ముందే అడిగి తెలుసుకోండి. మా దగ్గర పిల్లలున్న ట్రిప్పులో తాగరు, కచ్చితమైన నియమం. వంట దగ్గర ఎవరు వండారు, వాళ్లేమిటోళ్లు అని అడిగే మనుషులున్న గుంపు అయితే ఆ రోజే తిరిగి వచ్చేయండి. మా దగ్గర ప్రతి ఇల్లూ ఒక వంటకం చేస్తుంది, అన్నీ ఒకే బల్ల మీదకి వస్తాయి. ఒకరి జొన్నరొట్టె, ఒకరి పచ్చిపులుసు, ఒకరి కోడికూర. ఖర్చుల లెక్క ఆ రాత్రే అందరికీ చెప్తాం, పది రూపాయల దాకా. డబ్బు లెక్క స్పష్టంగా లేకపోతే ఎంత మంచి స్నేహమైనా చెడుతుంది.

ఇక ట్రైలర్ కొనే రోజు వస్తే

కొన్ని విషయాలు మాత్రం తప్పకుండా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం లెక్కలో ట్రైలర్ కూడా ఒక వాహనమే. రిజిస్ట్రేషన్ కావాలి, నంబర్ ప్లేటు కావాలి, వెనక బ్రేకు లైట్లు, ఇండికేటర్లు పనిచేయాలి. కారుకి హిచ్, అంటే ట్రైలర్ తగిలించే కొక్కెం, బిగించడం గురించి అదే చట్టంలో 52వ సెక్షన్ గుర్తుపెట్టుకోండి, వాహనాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీల్లేదు. తయారు చేయించకముందే డ్రాయింగ్ పట్టుకుని ఆర్టీవో ఆఫీసుకి వెళ్లి అడగండి. ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా ముందే చెప్పి, జవాబు కాగితం మీద తీసుకోండి.

మీ కారు ఎంత బరువు లాగగలదో కంపెనీ పుస్తకంలో చూడండి. మా గూడు ఖాళీగా 420 కిలోలు, సామానుతో 500 దాటనివ్వం. ఏనుమాముల మార్కెట్ వైపు వెళ్లి కాంటా మీద తూకం వేయించాం. మొత్తం బరువులో దాదాపు పదో వంతు ముందు వైపు, అంటే హిచ్ మీద పడాలి. వెనక బరువు ఎక్కువైతే వేగం పెరగ్గానే తోక ఊగుతుంది, అది చాలా ప్రమాదం. ఊగడం మొదలైతే గట్టిగా బ్రేకు తొక్కకుండా, స్టీరింగ్ నేరుగా పట్టుకుని, యాక్సిలరేటర్ మెల్లగా వదలాలి. నేను గంటకి 60 దాటను. సేఫ్టీ చైన్లు రెండూ హిచ్ కింద అడ్డంగా, ఒకదాని మీదుగా ఒకటి తగిలించాలి. దిగగానే మొదట ట్రైలర్ చక్రాలకి అడ్డు పెట్టాలి, ఆ తర్వాతే కారు నుంచి విడదీయాలి. మా గుంపులో ఒకరు ఈ వరుస తప్పారు, ట్రైలర్ మెల్లగా జారి చెట్టుకి తగిలి ఆగింది. పిల్లలెవరూ ఆ దారిలో లేరు.

ఒక విషయంలో మాత్రం మొహమాటం వద్దు. చలి ఎంత ఉన్నా కుంపటి గానీ, గ్యాస్ పొయ్యి గానీ ట్రైలర్ లోపలికీ టెంటు లోపలికీ తీసుకెళ్లకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. తాడ్వాయి వైపు డిసెంబర్ చలి మాకు తెలుసు, అయినా రెండు రగ్గులు ఎక్కువ తెచ్చుకుంటాం తప్ప నిప్పు లోపల పెట్టం. ఎవరైనా పెడుతుంటే నేను పెద్దా చిన్నా చూడకుండా గట్టిగా చెప్తాను.

వానాకాలంలో మేం అసలు వెళ్లం. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి ఊరు ఊరే మునిగింది. తర్వాతి ఏడాది ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో ఈదురుగాలికి వేలాది చెట్లు ఒకేసారి కూలాయి. ఆ దారి తర్వాత చూశాను, మహావృక్షాలు వేళ్లతో సహా పడి ఉన్నాయి. అందుకే వాగు ఒడ్డున గానీ, ఎండుకొమ్మలున్న చెట్టు కింద గానీ బండి పెట్టనివ్వం. ఏటూరునాగారం అభయారణ్యంలో అటవీశాఖ వాళ్ల అనుమతి లేకుండా అడుగుపెట్టం, అడవిలో నిప్పు చేయం. ఎండాకాలం ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఒక్క నిప్పురవ్వ చాలు.

మనం వెళ్లే చోట ఊళ్లు ఉంటాయి. పాలు, కూరగాయలు, కోళ్లు అక్కడి వాళ్ల దగ్గరే కొంటాం. రాత్రి తొమ్మిది తర్వాత పాటల డబ్బా మోగదు. గోవిందరావుపేట మండలంలో ఒక పల్లెలో పాలు పోసే పెద్దమ్మ ఇప్పుడు మేం రాకపోతే "ఏమాయె, ఈ నెల రాలే" అని ఫోన్ చేస్తుంది. మీకు ఊళ్లో మనుషులు కావాలన్నారు కదా, ఆ గుంపు బయట కూడా ఇలా దొరుకుతారు.

ఎంతకాలం పడుతుందో కూడా చెప్పాలి. మొదటి ట్రిప్పులో అందరూ మర్యాదగా ఉంటారు, మీకు కొంచెం దిగులేస్తుంది కూడా, ఎందుకంటే పాతవాళ్ల మాటల్లో పాత సంగతులు దొర్లుతుంటాయి, మీకవి తెలియవు. రెండోసారి పేర్లు గుర్తుంటాయి. నా అనుభవంలో మూడో, నాలుగో ట్రిప్పు తర్వాతే ఎవరో ఒకరు మామూలు రోజున, ఏ పనీ లేకుండా, మీ ఇంటికి వస్తారు. మొదటిసారికే తేల్చేసుకోవద్దు.

డిసెంబర్ రెండో శనివారం నర్సంపేట వదిన తోటలో దిగుతున్నాం. మామిడి కాపు లేని రోజులు, చోటు బోలెడు, బాత్రూమ్ ఉంది. మీరు టెంటు కూడా కొనక్కర్లేదు, నా దగ్గర నలుగురు పట్టేది ఒకటి ఉంది. మూడు పరుపులు, రగ్గులు, టార్చిలైటు, మీ ముగ్గురి కంచాలు గ్లాసులు తెచ్చుకోండి. మీ ఆవిడ చేత మీ ఊరి వంట ఏదైనా ఒకటి, పదిహేను మందికి సరిపడా. పాపకి చెవులు కప్పే టోపీ మర్చిపోవద్దు, తెల్లవారుజామున మంచు పడుతుంది. సాయంత్రం నాలుగు లోపల వస్తే వెలుతురుండగానే టెంటు వేసుకోవచ్చు. గూడు పక్కన, మధ్యలో, మీకు చోటు వదిలి పెడతాను.